గ్రామ పాఠశాలలో సహిత విద్య: ప్రత్యేక అవసరాలు గల బిడ్డను చేర్చుకొని చదివించడం ఎలా?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామాల్లోని ప్రభుత్వ ప్రాథమిక, ప్రాథమికోన్నత పాఠశాలల్లో పనిచేసే ఉపాధ్యాయుల కోసం రాసిన మార్గదర్శి ఇది. మీ ఊళ్లో నడవలేని, సరిగా చూడలేని, వినలేని, మాట ఆలస్యమైన, లేదా తోటివారితో పాటు నేర్చుకోలేకపోతున్న బిడ్డ ఉంటే, ఆ పేరు హాజరుపట్టీలో ఎక్కించడం పెద్ద పని కాదు. ఎక్కించిన మర్నాటి నుంచి ఆ బిడ్డకు తరగతిలో రోజూ చేయడానికి ఒక పని ఉండేలా చూడడమే అసలు పని. పేరు బడిలో, మనిషి ఇంట్లో ఉన్న పిల్లలు, బడికి వచ్చినా చివరి వరుసలో ఖాళీ పలకతో సాయంత్రం దాకా కూర్చునే పిల్లలు మన మండలాల్లో కొత్త కాదు. ఇక పేరు కూడా ఎక్కని వారి సంగతి వేరు. 2011 జనగణనను ఆధారంగా తీసుకొని యునెస్కో 2019లో మన దేశంపై వెలువరించిన నివేదిక ప్రకారం, వైకల్యం గల ఐదేళ్ల పిల్లల్లో నాలుగింట మూడు వంతుల మంది ఏ విద్యాసంస్థలోనూ లేరు. 5 నుంచి 19 ఏళ్ల మధ్య వారిలో ఇది నాలుగో వంతు.

మొదట ఇల్లు వెతకండి

జూన్‌లో బడిఈడు పిల్లల సర్వేకు వెళ్లినప్పుడు "మీ ఇంట్లో బడికి వెళ్లని పిల్లలున్నారా" అని గుమ్మంలో నిలబడి అడిగితే, ఇలాంటి బిడ్డ ఉన్న ఇంట్లో చాలాసార్లు "లేరు" అనే జవాబే వస్తుంది. దాచాలని కాదు, ఆ బిడ్డను బడి లెక్కలోకి వచ్చే మనిషిగా ఇంట్లోవాళ్లు అనుకోకపోవడం వల్ల. అందువల్ల ముందుగా అంగన్‌వాడీ కార్యకర్తను, ఆశా కార్యకర్తను అడగండి. కాన్పు కష్టమైన ఇళ్లు, మాట రాని పిల్లలు, ఫిట్స్ వచ్చే పిల్లలు వారికి తెలుసు. దివ్యాంగుల పింఛను అందుకుంటున్న వారి జాబితాలో 18 ఏళ్ల లోపు వారెవరో చూసుకోండి.

ఆ ఇంటికి మొదటిసారి వెళ్లినప్పుడు కాగితాలేవీ అడగకండి. బిడ్డకు ఏమి రాదో కాకుండా ఏమి వచ్చో అడగండి. దాహమేస్తే ఎలా చెబుతాడు, మరుగుదొడ్డికి ఎవరు తీసుకెళ్తారు, అన్నం తానే తింటాడా, దేనికి భయపడతాడు, ఫిట్స్ వస్తాయా, ఏ మందులు ఏ వేళకు వేస్తున్నారు అన్న ఐదారు ప్రశ్నలకు తల్లి గానీ నాయనమ్మ గానీ చెప్పే జవాబులు ఏ వైద్య నివేదికకన్నా మీకు ఎక్కువ ఉపయోగపడతాయి. వాటిని ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి. ఈ పుస్తకంతో మనకు చివరిదాకా పని ఉంటుంది.

ఇప్పటికే మీ బడిలో ఉండి, వైకల్యం గుర్తింపునకు రాని పిల్లల కోసం ఎన్సీఈఆర్టీ 2022లో విడుదల చేసిన 'ప్రశస్త్' పరిశీలన పట్టిక ఉంది. మొదటి భాగాన్ని తరగతి ఉపాధ్యాయుడే పూర్తిచేయవచ్చు. ఇది అనుమానాన్ని నమోదు చేసే సాధనమే తప్ప నిర్ధారణ కాదు కనుక, పట్టికలో గుర్తులు పెట్టినంత మాత్రాన "మీవాడికి ఫలానా జబ్బు" అని తల్లిదండ్రులకు చెప్పకూడదు.

ప్రవేశానికి ధ్రువపత్రం అవసరం లేదు

ఈ ఒక్క విషయంలో గందరగోళం వల్ల ఎన్నో ఏళ్లు వృథా అవుతున్నాయి. వైకల్య ధ్రువపత్రం పథకాలకు, పరికరాలకు, పరీక్షల్లో వెసులుబాట్లకు కావాలి. బడిలో చేరడానికి అక్కరలేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు రుజువు లేదన్న కారణంతో గానీ, ప్రవేశాల గడువు దాటిందన్న కారణంతో గానీ బిడ్డను తిప్పి పంపకూడదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 16వ సెక్షన్, ప్రభుత్వ నిధులు లేదా గుర్తింపు పొందిన ప్రతి విద్యాసంస్థా వివక్ష లేకుండా ప్రవేశం కల్పించాలని చెబుతోంది. ప్రభుత్వ గుర్తింపుతో నడిచే ప్రైవేటు పాఠశాలలకు కూడా ఇది వర్తిస్తుంది. అదే చట్టంలోని 31వ సెక్షన్, 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల బిడ్డకు దగ్గరలోని బడిలో గానీ, తాను కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచిత విద్య పొందే హక్కునిచ్చింది. కనుక "మా దగ్గర స్పెషల్ టీచర్ లేరు, ఇంకెక్కడైనా చూసుకోండి" అనే మాట మీ నోటి నుంచి రాకూడదు, మీ పక్క బడివాళ్లు అన్నా ఊరుకోకూడదు. మండల విద్యాధికారి దగ్గర పని జరగకపోతే దివ్యాంగుల హక్కుల రాష్ట్ర కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చని తల్లిదండ్రులకు చెప్పండి.

ఎప్పుడూ బడికి రాని తొమ్మిదేళ్ల బిడ్డను ఒకటో తరగతిలో కూర్చోబెట్టడం కూడా పొరపాటే. విద్యాహక్కు చట్టం అలాంటి బిడ్డను వయసుకు తగిన తరగతిలోనే చేర్చి, అదనపు శిక్షణ ఇమ్మంటోంది. అక్షరాలు రాకపోయినా ఆ వయసు పిల్లల ఆటలు, మాటలు, అల్లరి ఆ బిడ్డకు అందాలి.

చేర్చుకున్న వెంటనే దేశంలోని బడుల, విద్యార్థుల వివరాలు నమోదయ్యే యూడైస్ ప్లస్ పోర్టల్‌లో వైకల్యం వివరాలతో సహా నమోదు చేయండి. ఈ గడి ఖాళీగా వదిలేస్తే మీ బిడ్డ బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం లెక్కలోకి రాడు. సమగ్ర శిక్షలో సహిత విద్య కింద ఒక్కో విద్యార్థికి ఏడాదికి 3,500 రూపాయల వరకు కేటాయింపు ఉంటుంది. ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల చొప్పున పది నెలలు స్టైపెండ్ వస్తుంది. రవాణా భత్యం, వెంట వచ్చే తోడు మనిషికి ఇచ్చే ఎస్కార్ట్ భత్యం, చూపు లేని పిల్లలకు రీడర్ భత్యం వంటివి అర్హతను బట్టి ఉంటాయి. బ్యాంకు ఖాతా, ఆధార్ అనుసంధానం సరిగా లేక ఈ డబ్బు ఆగిపోయే సందర్భాలు ఎక్కువ కనుక జూన్, జూలై నెలల్లోనే సరిచూడండి.

ధ్రువపత్రం విషయానికి వస్తే, వైకల్య శాతాన్ని వైద్యులు నిర్ధారించే సదరం శిబిరానికి సమయం ఎలా తీసుకోవాలో, దివ్యాంగుల గుర్తింపు కార్డైన యూడీఐడీకి ఎలా దరఖాస్తు చేయాలో మీసేవలో గానీ గ్రామ సచివాలయంలో గానీ కనుక్కోండి. పాత వైద్య కాగితాలన్నీ ఒక కవరులో పెట్టి పంపించి, వచ్చిన ధ్రువపత్రం నకలు బడిలో ఉంచుకోండి. 40 శాతం కన్నా తక్కువ వచ్చిందని తల్లి దిగులుగా తిరిగివస్తే, పథకాలకు ఆ అంకె అడ్డం కావచ్చు గానీ తరగతిలో మీరు చేసే మార్పులకు కాదని చెప్పండి.

గేటు నుంచి పళ్లెం దాకా నడిచి చూడండి

ఒక టేపు తీసుకొని, ఆ బిడ్డ రోజులో వెళ్లాల్సిన దారంతా మీరు నడవండి: గేటు, తరగతి గది, మరుగుదొడ్డి, కుళాయి, మధ్యాహ్న భోజనం వడ్డించే చోటు. ఎక్కడ గడప ఉంది, ఎక్కడ బురద ఉంది, ఎక్కడ చేయి పట్టుకోవడానికి ఏమీ లేదు అని రాసుకోండి.

ర్యాంపు చాలా బడుల్లో ఉంటుంది, కానీ దాని మీద చక్రాల కుర్చీ ఎక్కదు. నియమం ఏమిటంటే ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. వరండాకు 15 సెంటీమీటర్ల మెట్లు మూడు ఉన్నాయంటే ఎత్తు 45 సెంటీమీటర్లు, ర్యాంపు పొడవు 5.4 మీటర్లు ఉండాలన్నమాట. మేస్త్రీకి వదిలేస్తే మెట్ల పక్కనే రెండు మీటర్లలో జారుడుబల్ల కట్టి వెళ్తాడు. ప్రభుత్వ పథకాల పనులైనా, పంచాయతీ నిధులైనా, సిమెంటు పోసే రోజున టేపుతో మీరు దగ్గరుండడం తప్ప మార్గం లేదు. తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లు ఉండాలి. ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం కట్టిన మరుగుదొడ్డికి తాళం వేసి, అందులో చీపుర్లు, పాత పాఠ్యపుస్తకాల కట్టలు పెట్టుకునే అలవాటు చాలాచోట్ల ఉంది. అది మీ బడిలోనూ ఉంటే ముందు ఆ గది ఖాళీ చేయించండి. మరుగుదొడ్డి అందుబాటులో లేని ఆడపిల్ల పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా కూర్చుంటుంది, లేదా కొన్నాళ్లకు రావడమే మానేస్తుంది. బిడ్డ తరగతి మేడ మీద ఉంటే ఆ తరగతిని కిందికి మార్చండి. దానికి ఎవరి అనుమతీ, ఏ నిధులూ అక్కరలేదు.

కూర్చునే తీరు కూడా చూడండి. సెరిబ్రల్ పాల్సీ (సీపీ - మెదడు దెబ్బతినడం వల్ల కండరాలు అదుపులో లేని స్థితి) ఉన్న బిడ్డ కాళ్లు బెంచీ మీద నుంచి గాలిలో వేలాడుతుంటే ఒళ్లు బిగుసుకొని చేయి కదలదు. పాదాల కింద రెండు ఇటుకలు పేర్చి, పైన చెక్క వేసి, నడుముకు దుప్పటి చుట్ట ఆనించి చూడండి. పెన్సిల్ పట్టు జారుతుంటే పాత సైకిలు ట్యూబు ముక్కను దాని చుట్టూ చుట్టి దారం కట్టండి. సరైన సీపీ కుర్చీ, దివ్యాంగుల పరికరాలు తయారుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అలిమ్కో పెట్టే శిబిరంలో వస్తుంది గానీ, కొలతలు తీసుకున్న రోజుకూ పరికరం చేతికొచ్చిన రోజుకూ మధ్య నెలలు గడుస్తాయి. బిడ్డ అప్పటికి ఎదిగిపోయి ఉంటే కొలతలు మళ్లీ తీయమని అడగడానికి సంకోచించవద్దు.

పాఠంలో చోటు ఇవ్వండి

ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, ఉన్నత స్థాయిలో పదిహేనుమందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో చెప్పింది. క్షేత్రంలో పరిస్థితి వేరు. మండలమంతటికీ తిరిగే ఐఈఆర్‌పీ (సహిత విద్య రిసోర్స్ పర్సన్) మీ బడికి వచ్చే రోజులు కొన్నే కనుక, మిగతా రోజులన్నీ బిడ్డ మీ బిడ్డే.

ప్రతి మూడు నెలలకు మూడే లక్ష్యాలు రాసుకోండి: చదువులో ఒకటి, తన పని తాను చేసుకోవడంలో ఒకటి, తోటివారితో కలవడంలో ఒకటి. వ్యక్తిగత విద్యా ప్రణాళిక అనే పెద్ద పేరున్న ఫారం ఇదే. పది లక్ష్యాలు రాస్తే ఒక్కటీ జరగదు. లక్ష్యం కంటికి కనిపించేలా ఉండాలి. "గణితంలో మెరుగుపడును" అని కాకుండా "అడిగిన నోటు తీసి ఇచ్చును" అని రాయాలి.

ఒక ఉదాహరణ చూడండి. నాలుగో తరగతిలో సంత లెక్కలు చెబుతున్నారు. మిగతా పిల్లలు 280 రూపాయల కూరగాయలకు 500 నోటు ఇస్తే తిరిగి ఎంత రావాలో వేస్తున్నారు. మేధో వైకల్యం గల బిడ్డ కూడా అదే గుంపులో, అదే సంతలో డబ్బుల పెట్టె దగ్గర కూర్చుంటాడు. మొదటి వారం పది, ఇరవై రూపాయల నోట్లను వేరుచేస్తాడు. తర్వాతి వారం ఎవరైనా "ఇరవై ఇవ్వు" అంటే తీసి ఇస్తాడు. నెల తిరిగేసరికి మూడు పదులు లెక్కపెట్టి ఇవ్వగలిగితే అది గట్టి ప్రగతి. పాఠం ఒకటే, పని మాత్రం తన స్థాయిది. అందరూ లెక్కలు వేస్తుండగా ఈ బిడ్డకు ఒక మూల రంగుల పెన్సిళ్లు ఇచ్చి బొమ్మకు రంగు వేయమనడం సహిత విద్య కాదు. గది ఒకటే అయినా అది వేరే బడి.

చూపు తక్కువైన బిడ్డ ఏ దూరం నుంచి, ఏ వెలుతురులో చదవగలడో మీరు ఊహించకుండా తననే అడగండి. నల్లబల్ల మెరుస్తుంటే మళ్లీ రంగు వేయించండి. బోర్డు మీద రాసే ప్రతి అక్షరాన్ని పైకి చదువుతూ రాయండి. "ఇది ఇక్కడ కలిపితే అది వస్తుంది" అనే వాక్యంలో చూడలేని వారికి ఏమీ లేదు. "పై వరుసలో ఏడు, కింది వరుసలో ఐదు" అనండి. పూర్తిగా చూపు లేని బిడ్డకు చిన్న తరగతుల్లోనే బ్రెయిలీ, లెక్కలకు టేలర్ ఫ్రేమ్ (అంకెల దిమ్మెలు గుచ్చి తడిమి చదివే పలక) మొదలుపెట్టాలి. ఫోను తెలుగులో చదివి వినిపిస్తోంది కదా, బ్రెయిలీ ఎందుకని ఈ మధ్య ఉపాధ్యాయులే అంటున్నారు. నేను దీనితో ఏకీభవించను. వినడం వల్ల పాఠం తెలుస్తుంది, కానీ ఒత్తులు, దీర్ఘాలు, పదాల మధ్య ఖాళీలు వేలికొసలకు తగలనిదే రాత రాదు. ఫోనులో చదివి వినిపించే టాక్‌బ్యాక్, కంప్యూటర్‌లో చదివి వినిపించే ఎన్వీడీఏ, చూపు లేనివారి ఆన్‌లైన్ గ్రంథాలయం సుగమ్య పుస్తకాలయ వంటివి పై తరగతుల్లో దానికి తోడుగా రావాలి.

పటాలు చేతితో చదివేలా చేయడానికి ఖర్చు పెద్దగా లేదు. అట్ట మీద ఆంధ్రప్రదేశ్ సరిహద్దు గీసి, ఆ గీత వెంట ఫెవికాల్ పూసి జనపనార పురి అంటించండి. గోదావరికి మందపు దారం, కృష్ణకు సన్నని దారం, జిల్లా కేంద్రాలకు చింతగింజలు. రాత్రంతా ఆరనిస్తే మర్నాటికి సిద్ధం. ఒకే పటంలో అన్నీ పెట్టకండి. వేలికి అన్నీ ఒకటిగా తగిలి అయోమయమవుతుంది కనుక నదులకొకటి, జిల్లాలకొకటి చేయండి. ఈ పటాల కోసం చూపున్న పిల్లలు కూడా పోటీ పడతారు.

వినికిడి లోపం ఉన్న బిడ్డను ముందు వరుసలో కూర్చోబెట్టగానే పని అయిపోదు. మీరు కిటికీకి వీపు పెట్టి నిలబడితే వెనక నుంచి వచ్చే వెలుతురులో మీ ముఖం చీకటిగా కనిపించి పెదవులు అందవు. కాబట్టి వెలుతురు మీ ముఖం మీద పడే చోట నిలబడండి. బోర్డు వైపు తిరిగి మాట్లాడవద్దు. వినికిడి యంత్రం ఈల వేస్తుంటే తరచుగా చెవిలో పెట్టే అచ్చు వదులైందని అర్థం. ఎదిగే పిల్లలకు దాన్ని మార్పిస్తుండాలి. బ్యాటరీ అయిపోయి వారాల తరబడి అలంకారంగా చెవికి ఉన్న యంత్రాలు తక్కువేమీ కావు, అందువల్ల రోజూ ఉదయం బిడ్డ వెనక నిలబడి మెల్లగా పేరు పిలిచి చూడండి. భారతీయ సంజ్ఞా భాషలో పాఠాలకు పీఎం ఈ-విద్య 31వ టీవీ ఛానెల్ 2024 డిసెంబరులో మొదలైంది. పుట్టుకతో ఏమీ వినపడని, సంజ్ఞా భాష కూడా తెలియని బిడ్డ విషయంలో మాత్రం ఒక మాట నిజాయితీగా చెప్పాలి. బడి మొత్తం మీద తన భాష తెలిసినవారు ఒక్కరూ లేనిచోట ఆ బిడ్డ ఒంటరి అవుతుంది. సంజ్ఞా భాషలో బోధించే ప్రత్యేక పాఠశాల అందుబాటులో ఉంటే, ఆ దారి కూడా తల్లిదండ్రుల ముందు పెట్టండి. ఎంపిక వారిది, చట్టం వారికిచ్చింది.

ఆటిజం ఉన్న బిడ్డకు రోజు క్రమాన్ని బొమ్మలతో గోడ మీద అతికించి, ఒక పని నుంచి ఇంకో పనికి మారే ముందే చెప్పండి. గంట చప్పుడుకు చెవులు మూసుకుంటుంటే గంటకు దూరంగా ఉన్న గది చూడండి.

ఫిట్స్ వచ్చే బిడ్డ ఉంటే మీ బడిలోని ప్రతి పెద్దమనిషికీ, వంట చేసే అమ్మలతో సహా, ఏం చేయాలో ముందే తెలియాలి. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తగా ఏదైనా ఉంచాలి, మెడ దగ్గర బొత్తాలు వదులు చేయాలి, గడియారం చూడాలి. చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో గుడ్డ కుక్కడం, నీళ్లు పోయడం కూడదు. ఐదు నిమిషాలు దాటినా, ఒకదాని వెంట ఇంకొకటి వచ్చినా 108కి ఫోన్ చేయాలి.

భవిత కేంద్రం బడికి బదులు కాదు

మండల కేంద్రంలోని భవిత కేంద్రంలో ఐఈఆర్‌పీలు, నిర్ణీత రోజున వచ్చే ఫిజియోథెరపిస్టు ఉంటారు. అక్కడికి పంపడం మంచిది, కానీ పంపాం కదా అని బడిలో చోటు ఖాళీ చేయకూడదు. థెరపీ రోజు పోను మిగతా రోజులు బిడ్డ మీ తరగతిలో ఉండాలి. అక్కడ చేయించిన వ్యాయామం ఏమిటో తల్లిని అడిగి మీ నోటుపుస్తకంలో రాసుకుంటే, బడిలోనూ కొంత చేయించవచ్చు.

తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యాలు గల పిల్లలు ఇంటి వద్దే విద్య పొందే హక్కును విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ కల్పించింది. ఎత్తుకొని తీసుకొచ్చే మనిషి లేడన్న కారణంతో బడికి రాగల బిడ్డను ఆ జాబితాలో వేయడం ఆ హక్కును తలకిందులు చేయడమే. రవాణా, ఎస్కార్ట్ భత్యాలు ఉన్నది అందుకే. ఆ జాబితాలో ఉన్న బిడ్డ పరిస్థితిని ఏడాదికోసారైనా తిరిగి చూడండి.

తోటి పిల్లలు, తల్లిదండ్రులు

అవిటితనాన్ని పేరుగా పెట్టి పిలవడం మన ఊళ్లలో పెద్దల నుంచే పిల్లలకు వస్తుంది. స్టాఫ్‌రూములో "ఆ మూగపిల్ల" అన్న మాట ఆగితే తరగతిలో ఆగుతుంది. సాయం చేసే బాధ్యతను వారానికి ఇద్దరి చొప్పున వంతులవారీగా అప్పగించండి. ఎప్పుడూ ఒక్కరికే, ముఖ్యంగా అదే బడిలో చదివే అక్కకో చెల్లికో అప్పగిస్తే ఆ పిల్ల చదువు పోతుంది. సాయం పొందే బిడ్డకూ ఒక బాధ్యత ఉండాలి: హాజరుపట్టీ తీసుకెళ్లడం, గంట కొట్టడం, మొక్కలకు నీళ్లు పోయడం, ఏదైనా సరే. తల్లిదండ్రుల్లో ఒకరిని పాఠశాల యాజమాన్య కమిటీలోకి తీసుకుంటే ర్యాంపు, మరుగుదొడ్డి సంగతులు సమావేశంలో వాటంతట అవే ప్రస్తావనకు వస్తాయి.

పరీక్షలు, పై తరగతి

చిన్న తరగతుల్లో మూల్యాంకనం మీ చేతిలోనే ఉంది. రాయలేని బిడ్డను నోటితో చెప్పమనండి, మాట రాని బిడ్డను వేలితో చూపించమనండి. పదో తరగతికి వచ్చేసరికి కాగితాలు కావాలి. నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవారి జాబితా) పంపేటప్పుడే ధ్రువపత్రం జతచేసి స్క్రైబ్ (బిడ్డ చెబుతుంటే రాసిపెట్టే మనిషి), అదనపు సమయం, భాషా మినహాయింపు వంటివాటిలో వర్తించేవి కోరాలి. హాల్‌టికెట్లు వచ్చాక అడిగితే పరుగులే మిగులుతాయి. 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉండి రాయడానికి ఇబ్బంది పడేవారికి గంటకు కనీసం 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇవ్వాలని 2018 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పాయి. అంతకన్నా తక్కువ శాతం ఉన్నా, రాయడంలో నిజంగా ఇబ్బంది ఉంటే స్క్రైబ్‌ను నిరాకరించరాదని వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో తీర్పు ఇచ్చింది. దాన్ని అనుసరించి 2022 ఆగస్టులో వేరే మార్గదర్శకాలు వచ్చాయి. చెప్పి రాయించడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. విరామచిహ్నాలతో, పేరా మార్పులతో సహా చెప్పడం, రాసింది చదివించుకొని దిద్దించడం తొమ్మిదో తరగతి నుంచే ప్రతి యూనిట్ పరీక్షలో అలవాటు చేయించండి.

ఐదో తరగతి అయ్యాక హైస్కూలు పక్క ఊళ్లో ఉంటే, చాలామంది బిడ్డలు చదువు మానేసేది అక్కడే. ఏప్రిల్‌లోనే ఆ హైస్కూలు ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడి, బిడ్డను, తల్లిని ఒక రోజు అక్కడికి తీసుకెళ్లండి. ఏ గది, ఏ మరుగుదొడ్డి, ఏ ఆటో అన్నవి ఆ రోజే తేల్చుకోండి. బదిలీ పత్రంతో పాటు ధ్రువపత్రం నకలు, మూడు నెలల లక్ష్యాల కాగితాలు, మొదటి రోజు ఆ ఇంట్లో రాసుకున్న నోటుపుస్తకం కూడా ఆరో తరగతి ఉపాధ్యాయుడి చేతికి స్వయంగా అందించండి. జూలైలో ఒకసారి ఫోన్ చేసి బిడ్డ బడికి వస్తోందో లేదో కనుక్కోండి.